పాత వీటెక్ కారుకు బ్రేకులు బలపరచడం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం వెళ్లేవారికి మన్ననూరు చెక్‌పోస్టు దాటిన తరువాత దోమలపెంట వరకు రోడ్డు కొండ మీదనే సాగి, అక్కడి నుంచి మెలికలు తిరుగుతూ ఆనకట్ట వైపు దిగుతుంది. ఆ దిగుడులోనే ఒకసారి నా 2002 మోడల్ హోండా సిటీ వీటెక్ (వీటెక్ అనేది హోండా ఇంజను రకం) బ్రేకు పెడల్ మెత్తబడి, తడి స్పాంజిని తొక్కినట్టు సగానికి పైగా లోపలికి పోయింది. రెండు మూడు సార్లు గబగబా తొక్కి, సెకండ్ గేరులోకి దించి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ రోడ్డు పక్కన ఆపగలిగాను. విచిత్రమేమిటంటే, అంతకు పది రోజుల ముందే ఆ కారుకు రంధ్రాలు పొడిచిన ఖరీదైన డిస్కులు వేయించి ఉన్నాను. మరునాడు నల్లగొండలో పెద్ద మేస్త్రి బానెట్ ఎత్తి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూసి, "డిస్కులేం చేస్తయి సారూ, ఆయిల్ చూడుండ్రి, డికాషన్ లెక్కున్నది" అన్నారు. డిస్కులు మార్చిన షెడ్డులో ఎవరూ ఆ మూత తీయలేదు. తీయమని నేనూ అడగలేదు.

ఏపీ 24, ఏపీ 22 నంబరు పలకలతో ఇంకా తిరుగుతున్న ఆనాటి వేగపు కార్లను, అంటే సిటీ 1.5 వీటెక్, ఫియట్ పాలియో 1.6, ఫోర్డ్ ఐకాన్ 1.6 వంటివాటిని ప్రేమగా కాపాడుకుంటున్న వారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. 106 హార్స్‌పవర్ ఇంజనుతో వచ్చిన సిటీకి ముందు చక్రాలకు డిస్కులు, వెనుక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. మిగిలిన పాత కార్లలో కొలతలు మారవచ్చు కానీ పని వరుస మారదు. ఆ వరుస ఇది: ముందు ఉన్న బ్రేకును ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాటి స్థితికి తేవాలి, తరువాత ఆయిల్, ఆపైన ప్యాడ్లు (డిస్కును రాపిడితో పట్టే ముక్కలు), ఆపైన గొట్టాలు, అప్పటికీ చాలకపోతేనే పెద్ద డిస్కులు, పెద్ద క్యాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగాలు). ఎక్కువ మంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చేస్తారు, ఎందుకంటే చక్రం సందుల్లోంచి కనిపించేది డిస్కే కానీ ఆయిల్ కాదు.

వేడి లెక్క

బ్రేకు చేసే పని ఒక్కటే. కారు వేగంలో ఉన్న శక్తిని వేడిగా మార్చి గాలిలోకి వదలడం. మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతుంటే అందులో సుమారు 167 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. వేగం 100 కి.మీ.కు పెరిగితే అది 463 కిలోజౌళ్లు అవుతుంది. వేగం రెండింతలు కూడా కాలేదు, ఆపవలసిన శక్తి మాత్రం దాదాపు మూడింతలకు చేరింది. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కనుక ఆపే పనిలో సుమారు 70 శాతం ముందు చక్రాల మీదనే పడుతుంది. ఆ లెక్కన 100 కి.మీ. వేగం నుంచి ఒక్కసారి గట్టిగా ఆపితే, ఒక్కొక్కటి 5 కిలోలుండే ముందు డిస్కులు సుమారు 70 డిగ్రీలు వేడెక్కుతాయి.

సమతలమైన రోడ్డు మీద ఒక్కసారి ఆపి, మళ్లీ వేగం అందుకునేలోగా ఆ వేడి చాలావరకు గాలిలో కలిసిపోతుంది. ఘాట్‌లో ఆ విరామం దొరకదు. అదే కారు 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 1,180 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. ఇంజన్ సాయం తీసుకోకుండా మొత్తం బ్రేకుతోనే దిగితే, అది 100 కి.మీ. వేగం నుంచి రెండున్నర సార్లు వెంటవెంటనే ఆపినదానితో సమానం. వందల మీటర్లు దిగే దారిలో, మే నెల ఎండకు గాలి, రోడ్డు రెండూ ముందే కాగి ఉన్నప్పుడు ఏమవుతుందో ఊహించుకోవచ్చు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి ఇంజన్ ఆపి దిగేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. ఇంజన్ ఆగితే, కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ అందదు, రెండు మూడు తొక్కుళ్లకే పెడల్ రాయిలా గట్టిపడుతుంది. ఎంత ఖరీదైన బ్రేకులు పెట్టినా ఆ అలవాటుకు విరుగుడు లేదు.

వేడి వల్ల బ్రేకు రెండు విధాలుగా చేతులెత్తేస్తుంది, ఈ రెండింటినీ కాలితోనే గుర్తుపట్టవచ్చు. పెడల్ ఎత్తుగా, గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకుండా కాలిన వాసన వస్తే ప్యాడ్ తన పట్టు కోల్పోయినట్టు. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు ఏర్పడినట్టు. మొదటిదానికి మందు ప్యాడ్లలో, డిస్కులలో ఉంది; రెండోదానికి ఆయిల్‌లో ఉంది. దోమలపెంట దిగుడులో నాకు జరిగింది రెండోది. కొత్త డిస్కులకు దానితో సంబంధమే లేదు.

కొనడానికి ముందు చూడవలసినవి

కారును చదునైన సిమెంటు నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు భాగం జాకీతో ఎత్తిన వెంటనే స్టాండుల మీద కూర్చోబెట్టాలి. జాకీ మీదనే వదిలేసి కింద చేయి పెట్టవద్దు. మా వైపు షెడ్లలో ఇది రోజూ జరిగే పనే అయినా, పద్ధతి మాత్రం కాదు.

చక్రం విప్పగానే డిస్కు అంచున లేదా మధ్య టోపీ మీద చెక్కిన కనీస మందం చదివి, మైక్రోమీటరుతో ఆరేడు చోట్ల కొలవాలి. ఏ ఒక్క చోట ఆ కనీసానికి దగ్గర పడినా కొత్త డిస్కు వేయాలి. లేత్ మీద చెక్కించి వాడుకోవడం మందం మిగిలి ఉన్నప్పుడే సబబు, ఎందుకంటే పలచబడ్డ డిస్కులో వేడిని దాచుకునే ఇనుమే తక్కువ. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే వెంటనే డిస్కు వంగిందని అంటారు కానీ, చాలాసార్లు అది మందంలో తేడానో, ప్యాడ్ పదార్థం ఒకచోట ఎక్కువగా అంటుకోవడమో అయి ఉంటుంది. డయల్ గేజి పెట్టి తిప్పి చూస్తే డిస్కు పక్కలకు ఊగే ఆట 0.1 మి.మీ. లోపల ఉండాలి. అంతకు మించితే డిస్కును నిందించే ముందు దాన్ని విప్పి, హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం మీద పేరుకున్న తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి మళ్లీ కొలవండి. వెంట్రుక మందం తుప్పు మధ్యలో ఇరుక్కుంటే అంచు దగ్గర ఆ తేడా పెరిగి కనిపిస్తుంది.

తరువాత క్యాలిపర్. అది జరిగే రెండు పిన్నులూ చేత్తో తోస్తే మెత్తగా కదలాలి. ఇరవై ఏళ్ల కార్లలో ఒక పిన్ను ఎండిపోయి బిగుసుకుపోవడం సర్వసాధారణం. లోపలి ప్యాడ్ అరిగిపోయి బయటి ప్యాడ్ కొత్తగా కనిపిస్తే అదే కారణం. పిన్నులను శుభ్రంగా తుడిచి సిలికాన్ గ్రీజు పట్టించాలి. షెడ్లో డబ్బాతో దొరికే మామూలు బేరింగు గ్రీజు తగిలితే లోపలి రబ్బరు ఉబ్బుతుంది. ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు చిరిగి ఉంటే, లోపల పిస్టన్ మీద తుప్పు గుంటలు పడి ఉన్నాయేమో చూసి, సీలు కిట్టు గానీ, గుంటలు పడితే పిస్టన్ గానీ మార్చాలి. రబ్బరు గొట్టాలను వేళ్లతో వంచి పగుళ్లు వెతకాలి. పైకి బాగా కనిపించే గొట్టం లోపల ఉబ్బి దారి మూసుకుపోతే, తొక్కినప్పుడు ఆయిల్ వెళుతుంది కానీ వదిలినప్పుడు వెనక్కి రాదు, ఒక చక్రం పట్టుకునే తిరుగుతుంది. పది కిలోమీటర్లు నడిపి నాలుగు చక్రాల దగ్గరా చేయి ఉంచి చూస్తే, ముందు జతలో ఒకటి రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే అనుమానించవలసింది ఈ గొట్టాన్నీ, ఆ పిన్నులనే.

వెనుక డ్రమ్ములు విప్పి, షూల (డ్రమ్మును లోపలి నుంచి పట్టే ముక్కల) మందం, చక్రపు సిలిండరు దగ్గర చెమ్మ, హ్యాండ్ బ్రేక్ తీగ కదలిక చూసి, షూలను సర్దాలి. వెనుక షూలు దూరంగా ఉంటే పెడల్ ప్రయాణం అనవసరంగా పెరుగుతుంది, ఆ లోటును కొత్త ముందు బ్రేకులు తీర్చవు. బూస్టరును పరీక్షించడానికి ఇంజన్ ఆపి ఐదారుసార్లు పెడల్ తొక్కి, చివరిసారి పట్టి ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పని చేస్తున్నట్టు. ఆపైన ఒక నిమిషం ఒకే బలంతో తొక్కి ఉంచితే పెడల్ నెమ్మదిగా జారిపోతుంటే, బయట ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కుడును ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) సీళ్లు లోపలే లీకవుతున్నట్టు. ఇక్కడ ఏ లోపం తేలినా దాన్ని సరిచేసేదాకా మెరుగుపరిచే మాట పక్కన పెట్టాలి.

టైర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను కానీ ప్రాధాన్యం తక్కువని కాదు. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది, కారును రోడ్డుకు పట్టి ఉంచేది టైరు. తక్కువగా తిరిగే పాత కార్లలో గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైరు పక్కన అండాకారపు గడిలో ఉన్న నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. 100 కి.మీ. వేగం నుంచి మంచి టైర్లతో సుమారు 49 మీటర్లలో ఆగే కారు, పట్టు నాలుగో వంతు తగ్గితే 65 మీటర్లు దాటుతుంది. ఆ పదహారు మీటర్లను ఏ క్యాలిపరూ తిరిగి ఇవ్వదు.

ఆయిల్, ప్యాడ్లు, గొట్టాలు

మనం వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది నూనె జాతిది కాదు. గాలిలోని తేమను పీల్చుకునే గుణమున్న ద్రవం. కొత్తగా ఉన్నప్పుడు డాట్ 3 రకం కనీసం 205 డిగ్రీల దగ్గర, డాట్ 4 కనీసం 230 దగ్గర, డాట్ 5.1 కనీసం 260 దగ్గర మరగాలని ప్రమాణం. తేమ పట్టిన తరువాత అవి వరుసగా 140, 155, 180 డిగ్రీలకు పడిపోవచ్చు. కొండ దిగేటప్పుడు క్యాలిపర్ లోపలి వేడి ఆ కింది అంకెలను అందుకోవడం కష్టం కాదు. కనుక ఈ జాబితాలో రూపాయికి అత్యధిక ఫలితమిచ్చే పని, మంచి డాట్ 4 ఆయిల్ ఒక లీటరు తెచ్చి పాతది మొత్తం తోసేయడం, ఆపైన రెండేళ్లకోసారి తప్పకుండా మార్చడం. పందేలకు వాడే, 300 డిగ్రీలు దాటి మరిగే ఆయిళ్లు కూడా దొరుకుతాయి. అవి తేమను త్వరగా పీల్చుకుంటాయి కనుక ప్రతి ఏడూ మార్చే ఓపిక ఉన్నవారికే. ఒక జాగ్రత్త: డాట్ 5 అనేది సిలికాన్ రకం, డాట్ 5.1తో దానికి పేరులో పోలిక తప్ప మరేమీ లేదు; దాన్ని మిగిలిన వాటితో కలపకూడదు. మూత తీసి నెలల తరబడి అల్మారాలో ఉంచిన సగం సీసాను మళ్లీ వాడవద్దు.

ప్యాడ్ల ఎంపికలో తప్పటడుగు వేయడం సులువు. ప్యాడ్ వెనుక రేకు మీద లేదా అంచున తయారీ సంకేతం చివర రెండు ఆంగ్ల అక్షరాలుంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి రాపిడి గుణకాన్ని, రెండోది వేడెక్కినప్పటి గుణకాన్ని సూచిస్తుంది. 'ఈ' (E) అక్షరం అంటే 0.25 నుంచి 0.35 వరకు, 'ఎఫ్' (F) అంటే 0.35 నుంచి 0.45 వరకు, 'జీ' (G) అంటే 0.45 నుంచి 0.55 వరకు. రోజూ ఊళ్లో తిరిగి, అప్పుడప్పుడు ఘాట్ ఎక్కి దిగే కారుకు ఎఫ్ఎఫ్ లేదా జీజీ గుర్తున్న రోడ్డు రకం ప్యాడ్లు చాలు. రేస్ ట్రాకు కోసం చేసిన ప్యాడ్లు బాగా వేడెక్కితే కానీ పట్టవు. ఉదయం ఇంటి గేటు దాటగానే ఎదురొచ్చే గేదె ముందు వాటిని వేడి చేసుకునే వ్యవధి ఉండదు. డబ్బా మీద పేరున్న కంపెనీ, లోపల నకిలీ సరుకు అనేది మన మార్కెట్లో కొత్త కాదు. రాణిగంజ్‌లో కొన్నా, పుత్లీబౌలిలో కొన్నా, ప్యాడ్ మీది అచ్చు, డబ్బా మీది నంబరు ఒకటేనా అని చూసి, బిల్లు తీసుకోవాలి. నేను ఒకసారి బిల్లు లేకుండా తెచ్చిన జత ఐదు వేల కిలోమీటర్లకే రేకు నుంచి విడిపోయింది, అడగడానికి నోరు లేకపోయింది.

రబ్బరు గొట్టాల స్థానంలో స్టీలు తీగ అల్లిన గొట్టాలు వేస్తే ఒత్తిడికి ఉబ్బడం తగ్గి పెడల్ గట్టిగా, నిక్కచ్చిగా అనిపిస్తుంది. ఆగే దూరం వాటివల్ల పెద్దగా తగ్గదు, కాలికి నమ్మకం పెరుగుతుంది. వేసేటప్పుడు బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు తప్పనిసరి. పాతవి ఒకసారి నలిగాక మళ్లీ సరిగా మూయవు. గొట్టంలో మెలిక పడకుండా బిగించి, స్టీరింగును రెండు చివర్లకూ తిప్పి, చక్రం వేలాడుతున్నప్పుడు, కూర్చున్నప్పుడు కూడా అది టైరుకు గానీ షాక్ అబ్జార్బరుకు గానీ తగలడం లేదని కళ్లతో చూడాలి. పాత రబ్బరు గొట్టం స్థానంలో కంపెనీ కొత్త రబ్బరు గొట్టమే వేసినా నాకు అభ్యంతరం లేదు. నా కారులో ఇప్పుడున్నవి అవే.

ఇక రంధ్రాల డిస్కులు. చూడముచ్చటగా ఉంటాయి, కానీ ప్రతి రంధ్రం పగులు పుట్టడానికి ఒక అవకాశం, తీసేసిన ఇనుము మేరకు వేడిని దాచుకునే శక్తీ తగ్గుతుంది. రోడ్డు కారుకు మధ్యలో గాలి దారులున్న మంచి నునుపు డిస్కే ఉత్తమం, సరదా తీరకపోతే గాడులున్నవి వేసుకోవచ్చు. నేను కొన్నవాటిని ఏడాది తిరగకుండానే తీయించేశాను. క్యాలిపర్ మీద తొడిగే ఎర్ర ప్లాస్టిక్ కవర్ల గురించి అడిగేవారికి ఒకే మాట: అవి చల్లబడవలసిన చోట దుప్పటి కప్పుతాయి.

పెద్ద డిస్కు, పెద్ద క్యాలిపర్ ఎప్పుడు

పై పనులన్నీ చేసిన తరువాత కూడా ప్యాడ్ వేడికి లొంగిపోతుంటేనే పెద్ద డిస్కు ఆలోచన న్యాయమైనది. ఉదాహరణకు డిస్కు వ్యాసం 240 నుంచి 262 మి.మీ.కు పెరిగితే ప్యాడ్ పట్టే చోటు కేంద్రం నుంచి 11 మి.మీ. బయటికి జరిగి, అదే తొక్కుడుకు ఆపే బలం సుమారు 11 శాతం పెరుగుతుంది, ఇనుము బరువు పెరిగిన మేరకు వేడెక్కడం నెమ్మదిస్తుంది. ఒకే కంపెనీ పెద్ద కారు నుంచి హబ్బు, బ్రాకెట్టు, క్యాలిపర్, డిస్కు మొత్తం జతగా సరిపోతే అదే సురక్షితమైన దారి. హైదరాబాద్ ఆటోనగర్‌లో పాత సామాను దొరుకుతుంది, కానీ క్యాలిపర్లకు సీళ్లు, ప్యాడ్లు, గొట్టాలు కొత్తవే వేయాలి. లేత్ షాపులో బ్రాకెట్టు చేయించి ఇంకో కారు క్యాలిపర్ బిగించడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. బ్రేకు బలమంతా మోసేది ఆ రెండు బోల్టులే.

లెక్క తప్పే చోటు మరొకటుంది. క్యాలిపర్ పిస్టన్ 54 మి.మీ. నుంచి 57కు పెరిగితే దాని వైశాల్యం 11 శాతం పెరుగుతుంది, అంతే మేరకు ఎక్కువ ఆయిల్ కావాలి, పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది. దాన్ని సరిచేయాలని 20.64 మి.మీ. మాస్టర్ సిలిండర్ తీసి 22.22 మి.మీ.ది వేస్తే దాని వైశాల్యం 16 శాతం పెరిగి, పెడల్ ఎత్తుగా, బిరుసుగా మారుతుంది. క్యాలిపర్ వల్ల వచ్చిన లాభం కంటే ఎక్కువే ఇక్కడ పోతుంది. ముందు బ్రేకు మరీ బలమైతే ముందు చక్రాలు తొందరగా బిగుసుకుని, వెనుక బ్రేకులు చేయగలిగిన పని చేయకుండానే మిగిలిపోతాయి. వెనుక బలం ఎక్కువైతే అంతకంటే ప్రమాదం, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏర్పాటు) లేని కారు వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే బొంగరంలా తిరుగుతుంది. అందుకే వెనుక డ్రమ్ములు తీసి డిస్కులు వేయాలన్న కోరికను ఈ కారు విషయంలో వదులుకోమంటాను. ఏబీఎస్ ఉన్న స్కోడా ఆక్టేవియా వంటి కార్లలో ఈ మార్పులు దాని లెక్కలను కూడా తప్పిస్తాయి.

పెద్ద డిస్కు చక్రంలో పడుతుందో లేదో కొనకముందే అట్టతో నమూనా కత్తిరించి, రిమ్ములో పెట్టి చూడాలి, చుట్టూ కనీసం 3 మి.మీ. ఖాళీ ఉండాలి. పడక 15 అంగుళాల రిమ్ములకు మారితే టైరు మొత్తం ఎత్తు మారకుండా చూసుకోవాలి: 185/60 ఆర్14 ఎత్తు 577.6 మి.మీ., 195/50 ఆర్15 ఎత్తు 576 మి.మీ., కనుక ఈ మార్పుకు స్పీడోమీటరు తప్పు చూపదు. చట్టం సంగతికొస్తే, ప్యాడ్లు, ఆయిల్, గొట్టాలు మార్చడం మరమ్మతు. కానీ 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో నమోదైన వివరాలు కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు, 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, ఆ తనిఖీలో బ్రేకు కూడా చూస్తారు కనుక బిల్లులు దాచుకోవడం మంచిది.

బిగించడం, గాలి తీయడం

పిస్టన్‌ను లోపలికి నెట్టేటప్పుడు ముందుగా గొట్టం తొడిగి, గాలి, ఆయిల్ బయటికి వదిలే మర అయిన బ్లీడర్ నిప్పల్‌ను పావు చుట్టు వదులు చేస్తే, క్యాలిపర్‌లో పేరుకున్న మురికి ఆయిల్ పైకి పోకుండా అక్కడే బయటికి వస్తుంది. పాత కార్లలో నిప్పల్ తుప్పుతో బిగిసి ఉంటుంది. ముందురోజే తుప్పు వదిలించే ద్రవం పోసి, మరునాడు ఆరు మూలల రింగు పానాతో నెమ్మదిగా తిప్పాలి. కొత్త డిస్కుకు పూసి ఉన్న నూనెను బ్రేక్ క్లీనర్‌తోనో సబ్బు నీళ్లతోనో పూర్తిగా కడగాలి. బ్రేకు ధూళిని గాలి కొట్టి ఎగరగొట్టవద్దు. పాత ప్యాడ్లలో, షూలలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, తడిగుడ్డతో తుడవడమే పద్ధతి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ దగ్గర మా తమ్ముడు కూర్చుంటాడు, నేను చక్రం దగ్గర. పారదర్శకమైన సన్న గొట్టాన్ని నిప్పల్‌కు తొడిగి, రెండో కొసను కొద్దిగా కొత్త ఆయిల్ పోసిన సీసాలో ముంచుతాను. "తొక్కు" అనగానే వాడు నెమ్మదిగా తొక్కి, "పట్టిన" అని బదులిస్తాడు. అప్పుడు నిప్పల్ పావు చుట్టు వదులుతాను, ఆయిల్ బుడగలతో గొట్టంలోకి వస్తుంది, బిగించిన తరువాతే "వదులు" అంటాను. ఈ మూడు మాటల వరుస తప్పితే గాలి లోపలికి పోతుంది, అంతా మొదటి నుంచే. పెడల్ కింద ఒక చెక్క దిమ్మ పెట్టడం మరువకండి: పాత మాస్టర్ సిలిండర్‌లో సీళ్లు ఏళ్ల తరబడి తిరగని అడుగు భాగంలో తుప్పు ఉంటుంది, పెడల్ నేల దాకా పోతే ఆ తుప్పు మీద సీలు చిరుగుతుంది. గొట్టంలో డికాషన్ రంగు పోయి లేత తేనె రంగు కనిపించే వరకు, బుడగలు పూర్తిగా ఆగే వరకు సాగించాలి, పైన డబ్బాలో ఆయిల్ సగానికి తగ్గకుండా పోస్తూ ఉండాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కంపెనీ వర్క్‌షాప్ పుస్తకం చెప్పిన వరుసలోనే చేయండి. మాస్టర్ సిలిండర్‌కు దూరపు చక్రం నుంచి అన్నది మామూలు మాట అయినా, అన్ని కార్లకూ అది వర్తించదు. ఆయిల్ రంగు మీద పడితే పెయింటు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగాలి.

చక్రం నట్లను టార్కు పానాతో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో), ఎదురెదురుగా బిగించాలి; హోండా కార్లకు ఆ కొలత 108 న్యూటన్ మీటర్లు. గాలి తుపాకీతో అడ్డదిడ్డంగా బిగిస్తే డిస్కు హబ్ మీద సమంగా కూర్చోదు. కారును కదిలించే ముందు పెడల్ గట్టిపడే వరకు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉన్నాయి కనుక మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది, షెడ్డు గోడలకు గుద్దిన కార్లలో ఎక్కువ భాగం ఇలా గుద్దినవే.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయడానికి నేను తెల్లవారుజామున నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వెళ్లే రహదారిని ఎంచుకుంటాను, అది కూడా కోతల కాలం కానప్పుడు. కోతల రోజుల్లో మా వైపు రోడ్లకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి, వాటి మీద బ్రేకు వేస్తే గోళీల మీద వేసినట్టే. వెనుక ఎవరూ లేరని అద్దంలో చూసుకుని, గంటకు 60 కి.మీ. నుంచి 15 వరకు మధ్యస్థంగా గట్టిగా బ్రేకు వేసి, పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం పెంచాలి. అర నిమిషం విరామంతో ఇలా ఎనిమిది, పది సార్లు. తరువాత పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా నెమ్మదిగా నడిపి చల్లార్చాలి. వేడిగా ఉండగా పెడల్ తొక్కి పట్టుకుని నిలబడితే ప్యాడ్ అచ్చు డిస్కు మీద పడుతుంది, స్టీరింగు వణుకు అక్కడే పుడుతుంది. ఘాట్ దిగి వచ్చి వేడి చక్రాల మీద నీళ్లు గుమ్మరించే అలవాటు కూడా మానాలి, పోత ఇనుము అంత తేడాకు పగులుతుంది.

మొదటి వంద కిలోమీటర్లలో ఒకసారి, ఐదు వందలకు మరొకసారి చక్రాలు విప్పి నిప్పల్‌ల దగ్గర, గొట్టాల కొసల దగ్గర చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూసి, నట్లను మళ్లీ టార్కు పానాతో సరిచూడాలి. నేను ఆయిల్ మార్చిన తేదీని తెల్ల పెయింటు పెన్నుతో డబ్బా మూత మీదనే రాసి ఉంచుతున్నాను, ఈసారి బానెట్ ఎవరు ఎత్తినా ముందు కనిపించేది అదే.